కామ్రేడ్స్ రెండోసారి: ఈసారి నడక ప్రాక్టీస్ చేసి వెళ్లాను

కామ్రేడ్స్ అనే పరుగు పందెం పేరులో మారథాన్ అని ఉంటుంది గానీ దూరం రెండు మారథాన్లంత (మారథాన్ అంటే 42 కి.మీ. పైచిలుకు). దక్షిణాఫ్రికాలో సముద్రం పక్కనున్న డర్బన్‌కీ, లోపల కొండల మీదున్న పీటర్‌మారిట్జ్‌బర్గ్‌కీ మధ్య రోడ్డు మీదే జరుగుతుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో పోయిన తోటి సైనికుల గుర్తుగా విక్ క్లాఫమ్ అనే ఆయన 1921లో మొదలుపెట్టాడు. మామూలుగా ఒక ఏడాది డర్బన్ నుంచి పైకి, ఇంకో ఏడాది పైనుంచి డర్బన్‌కి. పైకెళ్తే అప్ రన్, కిందికొస్తే డౌన్ రన్. ఎటు వెళ్లినా 12 గంటలే టైము. 12 గంటలు నిండగానే తుపాకీ పేలుస్తారు, గీత మూసేస్తారు, రెండడుగుల దూరంలో ఉన్నా అంతే సంగతులు. దారిలో కూడా అక్కడక్కడా కటాఫ్‌లు ఉంటాయి, చెప్పిన టైముకి దాటకపోతే అక్కడే ఆపేస్తారు.

2023 డౌన్ రన్‌లో నన్ను పైన్‌టౌన్ కటాఫ్ దగ్గర ఆపేశారు. ఇంకా దాదాపు హాఫ్ మారథాన్ దూరం మిగిలి ఉంది. డౌన్ అంటే తేలిక అనుకుంటారు చాలామంది. పరిగెడుతూ దిగేటప్పుడు తొడ ముందు కండరం ఒకపక్క సాగుతూనే ఒళ్లు బరువంతా ఆపాలి, అంటే అడుగడుక్కీ బ్రేకు తొక్కుతున్నట్టే. అరవై కి.మీ. పైన అలా అయ్యాక ఫీల్డ్స్ హిల్ వస్తుంది, మూడు కి.మీ. ఏకధాటిగా దిగుడు. అక్కడ నా తొడలు బిగుసుకుపోయాయి, ఊపిరి బాగానే ఉంది, కడుపు బాగానే ఉంది, కాళ్లు మాత్రం మాట వినలేదు. ఆగిపోయినవాళ్లని ఎక్కించుకునే బస్సులో నా పక్కనాయన షూ లేసులు విప్పుకుందామని వంగలేక నావైపు చూశాడు, నాకూ వంగడం రాదని అర్థమై నవ్వాడు. డర్బన్ దాకా ఇద్దరం లేసులు విప్పకుండానే కూర్చున్నాం.

వైజాగ్ తిరిగొచ్చాక అందరూ ఓదార్చారు, 'అంత దూరం వెళ్లడమే గొప్ప' అని. ఆ మాట వింటే ఒళ్లు మండేది. అంత దూరం తీసుకెళ్లింది విమానం.

కొన్నాళ్లు వాచీలో ఆ రేసు తెరిచి చూడబుద్ధి కాలేదు. చూశాక మాత్రం ఒక విషయం తెలిసింది. పరిగెత్తిన భాగాలు అనుకున్న పేస్‌లోనే (అంటే కి.మీ.కి పట్టే టైము) ఉన్నాయి. నడిచిన భాగాలు కి.మీ.కి పద్నాలుగున్నర నిమిషాలు. లెక్క వేసుకున్నాను: తర్వాతి ఏడాది అప్ రన్, దాదాపు 86 కి.మీ., 12 గంటల్లో అంటే సగటున కి.మీ.కి 8 నిమిషాల 22 సెకన్లు. నాలాంటివాడు ఆ కొండల్లో కనీసం 26 కి.మీ. నడవక తప్పదు. మిగిలిన 60 ఏడుంపావు నిమిషాల చొప్పున పరిగెడితే 435 నిమిషాలు. ఆ 26నీ పది నిమిషాల చొప్పున నడిస్తే 260, మొత్తం పదకొండున్నర గంటల పైచిలుకు. అదే 26నీ నా పాత నడకతో నడిస్తే పదమూడున్నర. అంటే నేను పరుగులో ఎంత చచ్చీచెడీ స్పీడ్ పెంచుకున్నా రాని రెండు గంటలు నడకలోనే ఉన్నాయన్నమాట. మా రన్నింగ్ గ్రూపుల్లో ఇంటర్వెల్స్ (కాసేపు వేగంగా, కాసేపు మెల్లగా మార్చిమార్చి పరిగెత్తడం) గురించి, షూల గురించి గంటలు గంటలు మాట్లాడుకుంటాం, నడక గురించి మాట్లాడితే నామోషీ.

అదే జులైలో సింహాచలం గిరి ప్రదక్షిణ వచ్చింది. 32 కి.మీ. కొండ మెట్లు మొదలయ్యే తొలి పావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి, హనుమంతవాక మీదుగా బీచ్ వైపు దిగి, ఊరంతా చుట్టి మళ్లీ కొండ కిందికి రావాలి. ప్రతి ఏడాదీ వెళ్లేదే, మొక్కు అని కాదు, మా ఇంట్లో అలవాటు. ఈసారి వాచీ పెట్టుకుని నడిచాను. చెప్పుల్లేని పెద్దవాళ్లు నన్ను దాటుకుని పోతుంటే వాళ్ల కాళ్లనే చూశాను. పెద్ద పెద్ద అంగలు వేసేవాళ్లు వెనకబడుతున్నారు. చిన్న అడుగులు టకటకా వేసేవాళ్లు, చేతులు మోచేతి దగ్గర మడిచి ఊపేవాళ్లు దూసుకుపోతున్నారు. మజ్జిగ, పులిహోర పంచే టెంట్ల దగ్గర కూడా వాళ్లు ఆగడం లేదు, చేతిలోకి తీసుకుని నడుస్తూనే తింటున్నారు. ఇసుకతోట దాటేసరికి నేనూ అలాగే నడవడం మొదలుపెట్టాను, పిక్కలు వేరేచోట నొప్పెట్టాయి, అంటే ఇన్నాళ్లూ వాడని కండరాలేవో వాడుతున్నానని తెలిసింది.

ట్రైనింగ్ అసలు మొదలైంది అక్కడే. కామ్రేడ్స్ కోచ్ లిండ్సే ప్యారీ ప్లాన్లలో, ఎలాగోలా 12 గంటల్లో చేరాలనుకునేవాళ్ల కోసం ఉన్నది తీసుకుని, నా షిఫ్టులకి తగ్గట్టు అటూ ఇటూ మార్చుకున్నాను. వారంలో ఒక రోజు పూర్తిగా నడకకి ఇచ్చాను. సింహాచలం ఘాట్ రోడ్డు మీద కరెంటు స్తంభాలే నా ప్లాను. మూడు స్తంభాలు పరుగు, ఒక స్తంభం నడక. ఎక్కుడు నిటారుగా ఉంటే రెండు పరుగు, రెండు నడక. నడక అంటే చల్లబడటం కాదు, నడిచే స్తంభంలో కూడా వాచీ పదకొండు నిమిషాల పైకి పోకూడదు. మొదట్లో నవ్వొచ్చేది, బైకుల మీద దర్శనానికి వెళ్లేవాళ్లు 'ఏమైంది గురూ, లిఫ్ట్ కావాలా' అని ఆపేవాళ్లు. ఒకటే కష్టం, పరుగులోంచి నడకలోకి వచ్చిన మొదటి పది అడుగులు. ఒళ్లు ఆగిపోదామంటుంది. ఆ పది అడుగులూ చేతులు ఊపుతూ వేస్తే మిగతావి వాటంతట అవే పడతాయి. ఇది ఏ ప్లాన్‌లోనూ నాకు కనపడలేదు, ఘాట్ రోడ్డు మీదే తెలిసింది.

నైట్ షిఫ్ట్ వారాలు నరకం. పొద్దున ఆరింటికి డ్యూటీ దిగి అటునుంచి అటే పరిగెత్తడం కొన్నాళ్లు చేసి మానేశాను, నిద్రలేని రోజు పరిగెడితే ఆ వారమంతా కాళ్లు బరువుగానే ఉంటాయి. ఆ వారాల్లో కి.మీ.లు తగ్గించుకుని నిద్ర పెంచుకున్నాను. మా ఆవిడ కిటికీలకి నల్ల దుప్పట్లు కట్టి, కాలింగ్ బెల్ స్విచ్ తీసేసింది. నిజానికి నా ట్రైనింగ్‌లో ఎక్కువ పని చేసింది ఆ దుప్పట్లేనేమో.

జనవరిలో ముంబై మారథాన్ పరిగెత్తి కామ్రేడ్స్‌కి క్వాలిఫై అయ్యాను. ఆ ఏడాది మారథాన్ 4 గంటల 50 నిమిషాల లోపు చేస్తే చాలు. పెడ్డర్ రోడ్డు ఎక్కుడు దగ్గర చుట్టూ అందరూ అవస్థ పడుతుంటే నాకు మన కైలాసగిరి గుర్తొచ్చి ధైర్యంగా ఉంది. దాని గురించి ఇంతకన్నా చెప్పడానికేం లేదు.

ఆ తర్వాతే అసలు బాధ. కామ్రేడ్స్ జూన్‌లో, అక్కడ చలికాలం. దానికి పెద్ద పరుగులన్నీ పడేది మార్చి నుంచి మే దాకా, ఇక్కడ ఉక్కపోత. తెల్లవారుజామున మూడింటికి లేచి బీచ్ రోడ్డు పట్టుకుని రుషికొండ, తొట్లకొండ మీదుగా భీమిలి దాకా వెళ్లి వెనక్కి రావడం, అదే నా లాంగ్ రన్. ఎండ ముదిరేలోపు తిరిగి రావాలని ఎంత అనుకున్నా చివరి పది కి.మీ. ఎండలోనే. పరుగుకి ముందూ తర్వాతా బరువు చూసుకునేవాణ్ని. ఏప్రిల్‌లో గంటకి కిలో పైనే తగ్గేవాణ్ని, అదంతా చెమటే. అలాగని తగ్గినంతా తాగేయాలనుకోవడమూ ప్రమాదమే. మరీ ఎక్కువ నీళ్లు తాగితే రక్తంలో సోడియం పల్చబడిపోయి ప్రాణం మీదికి వస్తుందని 1985లో బయటపెట్టింది దక్షిణాఫ్రికావాళ్లే, టిమ్ నోక్స్ బృందం, వాళ్ల దేశపు రన్నర్లని చూసి. అందుకని దాహం వేసినప్పుడే తాగడం, ఉప్పు మానకపోవడం, ఈ రెండే పెట్టుకున్నాను.

తిండి విషయం ఒకటి చెప్పాలి. పరిగెడుతూ శక్తి కోసం మింగే తియ్యటి జెల్స్ నాకు నాలుగో గంట దాటితే వెగటు. కామ్రేడ్స్ దారిలో టేబుళ్ల మీద ఉప్పు అద్దిన ఉడకబెట్టిన బంగాళాదుంపలు పెడతారు, అరటిపళ్లు పెడతారు, నీళ్లేమో ప్లాస్టిక్ ప్యాకెట్లలో. ప్యాకెట్ మూల పంటితో కొరికి పిండుకోవడం మనకి పుట్టుకతో వచ్చిన విద్య, అమెరికా నుంచి వచ్చినవాళ్లు మొహం మీద పోసుకుంటుంటే చూడాలి. నేను భీమిలి రన్‌లకి బంగాళాదుంపలే పట్టుకెళ్లాను. పల్లీ చిక్కీ కూడా ప్రయత్నించాను, పరిగెడుతూ నమలడం కుదరదు, పళ్లకి అంటుకుని పక్కన కుక్కలు వెంటపడుతున్నా అరవలేని పరిస్థితి.

ఏప్రిల్ చివర్లో అన్నిటికన్నా పెద్ద పరుగు, 50 కి.మీ. పైన చేశాక ఎడమ పిక్క పట్టేసింది. అప్ రన్‌కి పిక్కలే ఆధారం, టెన్షన్‌తో రెండు రాత్రులు సరిగా నిద్ర లేదు. ఫిజియో చూసి చిరగలేదు, అలసిపోయింది అంతే అన్నారు. పది రోజులు పరుగు లేదు, స్టేషనరీ సైకిల్, మెట్ల మీద మడమలు ఎత్తి దించడం. ఆ పది రోజుల్లో బరువు పెరుగుతోంది, ఫిట్‌నెస్ పోతోంది, ఈసారీ అంతే అనే ఆలోచనలు వస్తూనే ఉన్నాయి, వాటికి నా దగ్గర మందు లేదు, రానిచ్చాను. మేలో మళ్లీ ఘాట్ ఎక్కితే కాళ్లు ముందుకన్నా తేలిగ్గా ఉన్నాయి.

వైజాగ్ నుంచి హైదరాబాద్, దుబాయ్, డర్బన్. 1860లో మద్రాసు నుంచి ట్రూరో ఓడలో చెరకు తోటల పనికి మనవాళ్లు దిగింది ఈ ఊళ్లోనే, ఇప్పటికీ నాయుడులు, రెడ్డిలు ఎక్కడ పడితే అక్కడ. నంబరు తీసుకునే చోట క్యూలో ముందున్నాయన ఇంటిపేరు నాయుడు. తెలుగు రాదు, 'దండం' అనే ఒక్క మాట వచ్చు, వాళ్ల అవ్వ నేర్పిందట. అది చెప్పి చెయ్యి పట్టుకుని వదల్లేదు.

2024 జూన్ 9. డర్బన్ సిటీ హాల్ ముందు ఇంకా చీకటి. మాక్స్ ట్రింబోర్న్ అనే రన్నర్ 1948లో స్టార్ట్ దగ్గర కోడిలా కూశాడట, ఇప్పటికీ ఆ కూత రికార్డు వేస్తారు, ఆ వెంటనే తుపాకీ. ఊరు దాటకముందే ఎక్కుడు మొదలు. ఇక్కడ బోర్డుల మీద పరిగెత్తిన దూరం ఉండదు, మిగిలిన దూరం ఉంటుంది. 80 చూసి గుండె జారిపోతుంది, అందుకని బోర్డులు చూడకుండా స్తంభాలే చూశాను. కౌవీస్ హిల్‌లో నడక, పైన్‌టౌన్‌లో పరుగు, పోయినేడాది నన్ను దించిన ఫీల్డ్స్ హిల్‌ని ఈసారి ఎదురెక్కుడు. మొదటి స్తంభం దగ్గరే నడక మొదలుపెడితే పక్కవాళ్లు వింతగా చూశారు, పైకొచ్చేసరికి వాళ్లు నా వెనకాలే ఉన్నారు.

బోథాస్ హిల్ మీద కియర్స్నీ కాలేజీ పిల్లలు చెవులు చిల్లులు పడేలా అరుస్తారు. డ్రమ్మండ్ దాదాపు సగం దూరం, అక్కడికి 5 గంటల 50 నిమిషాలకి చేరాను. వెంటనే ఇంచంగా కొండ, అదంతా నడకే. కొండ దాటాక ఎథెంబెనీ స్కూలు పిల్లలు రోడ్డు వారగా చేతులు చాపి వరసగా ఉంటారు, వికలాంగ పిల్లల బడి అది. ఒక్కొక్కరి చేతినీ తాకుతూ నడిచాను, అక్కడ మాత్రం పేస్ చూడలేదు.

కాటో రిడ్జ్ నుంచి చదునుగా ఉంటుంది, ఎండ నెత్తిమీద. వైజాగ్ మే నెల చూసిన ఒంటికి అదేం లెక్క కాదు, కానీ చదును నేల మీద నడవడానికి సాకు దొరకదు, అదే కష్టం. అనుకున్న టైముకి చేర్చేలా ముందుండి పరిగెత్తేవాణ్ని పేసర్ అంటారు, అతని వెనక గుంపుల్ని అక్కడ బస్సులంటారు. ఒక బస్సు వెనక చేరి, ముందున్నాయన పాడుతూ లెక్కపెడుతుంటే అడుగు కలిపాను. పాలీ షార్ట్స్ చివరి పెద్ద కొండ, దగ్గరదగ్గర రెండు కి.మీ. చుట్టూ అందరూ నడుస్తున్నారు, కొందరు వెనక్కి తిరిగి అడుగులేస్తున్నారు, ఒకాయన రోడ్డు పక్క రెయిలింగ్ పట్టుకుని దానితో ఏదో మాట్లాడుతున్నాడు. నా వాచీలో కి.మీ.కి పదకొండు నిమిషాలు. పైకెక్కాక ఇక తప్పిపోదని తెలిసిపోయింది, అయినా మిగిలిన దూరమంతా లెక్క తప్పుతానేమో అని పదేపదే కూడుకుంటూనే ఉన్నాను. స్కాట్స్‌విల్ రేస్‌కోర్స్‌లో గీత దాటేసరికి 11 గంటల 41 నిమిషాలు. 11 నుంచి 12 గంటల మధ్య వచ్చినవాళ్లకిచ్చే విక్ క్లాఫమ్ పతకం ఇచ్చారు, అరచేతిలో సగం కూడా ఉండదు.

డ్యూటీలో చేరిన రోజు క్యాంటీన్‌లో మా ఫోర్‌మన్ పతకం అటూ ఇటూ తిప్పి చూసి, 'ఏం గురూ, ఎన్నో ప్రైజు?' అన్నాడు. మొదటొచ్చిన నెదర్లాండ్స్ పీట్ వియర్స్మా 5 గంటల 25 నిమిషాల్లో చేరాడనీ, అప్పటికి నేనింకా డ్రమ్మండ్ కూడా చేరలేదనీ చెప్పాను. 'మరి నీకెందుకిచ్చారు?' అన్నాడు.