విరిగిన కొర్రమీను రాడ్‌కు అతుకు: ఐదు రోజుల పని

కొర్రమీను పట్టే ఈ గేలం రాడ్ ఏడడుగులది, రెండు ముక్కల కార్బన్ గొట్టం. గుర్రపుడెక్క లోంచి కొర్రమీనును లాగేటప్పుడు పై ముక్క కొన నుంచి 52 సెంటీమీటర్ల దగ్గర విరిగింది. కొన గైడ్‌లోని (గేలం దారం దూరే లోహపు చట్రం) పింగాణీ రింగు కూడా ఊడింది. చేప ఒడ్డుకు చేరాక రాడ్‌ను నిలువుగా ఎత్తితే బరువంతా సన్నటి పైభాగం మీదే పడుతుంది, బలమైన కింది భాగానికి పనే ఉండదు. ఇలాంటి విరుగుళ్లకు ఇదొక ముఖ్య కారణం. నాచులో చిక్కిన చేపను రాడ్ వంచి కాదు, రాడ్‌ను వాలుగా పట్టి వెనక్కి నడుస్తూ లాగాలి.

మొదటి రోజు: కోత

విరిగిన రెండు కొసలనూ వేళ్లతో నొక్కి తిప్పుతూ చెవి దగ్గర పెట్టి వినాలి. చిటపటమన్న చోటి వరకు లోపల చీలిక ఉన్నట్టే. ఇక్కడ రెండు వైపులా 6 మిల్లీమీటర్ల చొప్పున పోయింది. కోసే గీత మీద మాస్కింగ్ టేపు చుట్టి, సన్న పళ్ల హాక్సా బ్లేడుతో రాడ్‌ను తిప్పుతూ చుట్టూ కోయాలి. కటింగ్ ప్లయర్ వాడితే గొట్టం నలిగి చీలిక ఇంకా పైకి పాకుతుంది. కార్బన్ పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు, పోగులు చర్మంలో గుచ్చుకుంటాయి. మాస్క్ పెట్టుకుని, 400 నంబరు నీటి కాగితంతో (తడిపి వాడే గరుకు కాగితం) తడిగానే రుద్దాలి. కోసిన చోట గొట్టం వ్యాసం, వెర్నియర్ కొలతలో: బయట 5.2, లోపల 3.4 మిల్లీమీటర్లు.

రెండో రోజు: లోపలి పుల్ల

పని నిలబడేదీ చెడేదీ ఇక్కడే. రెండు ముక్కలనూ కలపడానికి చాలామంది సైకిల్ చువ్వనో మేకునో గొట్టం లోపలికి తోస్తారు. అతుకు గట్టిగానే ఉంటుంది. కానీ ఆ ఇనుప చువ్వ, రాడ్‌తో పాటు వంగదు. అందుకే చువ్వ ఆగిన చోట గొట్టం కొత్తగా విరుగుతుంది. ఈ రాడ్ కోసం, మూలపడ్డ ఒక ఫైబర్‌గ్లాస్ రాడ్ (లోపల బోలు లేనిది) కొన నుంచి 14 సెంటీమీటర్ల ముక్క తీసుకున్నాం. అతుకుకు అటు 7, ఇటు 7. పుల్లకు సహజంగా ఉన్న వాలు చాలా ఉపయోగం: లావు కొస కిందికి వచ్చేలా, రాడ్ రెండు ముక్కలు కలిసే పెద్ద నోటి వైపు నుంచి పైకి తోస్తే, విరిగిన చోట తనంతట తానే బిగుసుకుంటుంది. చేప ఎంత లాగినా పైకి జారదు. సగం బయటికి వచ్చేదాకా నీటి కాగితంతో కొద్దికొద్దిగా రుద్దుతూ సరిచూడాలి. ఆఖర్న రెండు కొసల్లోనూ చివరి 2 సెంటీమీటర్లను పెన్సిల్ ములుకులా సన్నగా చెక్కాలి. అలా చేస్తే వంపు ఒక్కచోట తెగినట్టు ఆగకుండా మెల్లగా మారుతుంది.

మూడో రోజు: అంటించడం

పుల్లనూ గొట్టం లోపలి భాగాన్నీ స్పిరిట్‌తో తుడిచి ఆరబెట్టాక, మామూలు అరాల్డైట్ సమపాళ్లలో కలిపి పుల్లకు పలచగా పూయాలి. ఐదు నిమిషాల రకం వద్దు, దాని పట్టు తక్కువ. లోపల చిక్కిన గాలి కొన వైపు ముక్కను మెల్లగా వెనక్కి తోస్తుంది కాబట్టి తిప్పుతూ నెమ్మదిగా దింపి, అతుకు మీదుగా పొడవునా టేపు వేయాలి. జిగురు గట్టిపడకముందే కింది నుంచి చూసి గైడ్లన్నీ ఒకే వరుసలో ఉన్నాయో లేదో సరిచూసుకోవాలి. 24 గంటలు కదిలించలేదు.

నాలుగో రోజు: దారం

అతుకుకు రెండు వైపులా 2.5 సెంటీమీటర్ల చొప్పున నైలాన్ దారం చుట్టాలి. గొట్టం అంచు విచ్చుకోకుండా పట్టి ఉంచేది ఈ దారమే. బిగువు ఒకేలా ఉండాలంటే దారాన్ని లావుపాటి పుస్తకం పేజీల మధ్య నుంచి తీయాలి. ఆఖరి ఏడు చుట్ల కింద దారపు ఉచ్చు పెట్టి, కొసను అందులోంచి వెనక్కి లాగి కోయాలి.

కొన గైడ్ పనీ ఈ రోజే. పాత గైడ్ లోహాన్ని మాత్రమే లైటర్‌తో కొద్ది క్షణాలు వేడిచేసి తిన్నగా లాగాలి. మంట కార్బన్‌కు తగిలితే దాని పోగులను పట్టి ఉంచే రెసిన్ చెడుతుంది. ప్యాకెట్ మీది గైడ్ గొట్టపు సైజు అంగుళంలో 64వ వంతుల లెక్క: 5 అంటే దాదాపు 2 మిల్లీమీటర్లు. కొత్తదాన్ని వేడి జిగురుతోనే అతికించాలి, ఫెవిక్విక్‌తో వేస్తే మళ్లీ ఊడదీయడం కష్టం.

ఐదో రోజు: పూత

చుట్టిన దారం మీద వేసే రెండు భాగాల ఎపాక్సీ పూతను వేర్వేరు సిరంజీలతో 3 మిల్లీలీటర్ల చొప్పున తీసి, మూడు నిమిషాలు నెమ్మదిగా కలిపి అల్యూమినియం రేకు మీద పోయాలి. గిన్నెలో ఉంచితే వేడెక్కి త్వరగా గడ్డకడుతుంది. రేకు మీద పలచగా పరుచుకుంటే బుడగలూ పైకి తేలి పోతాయి. పూశాక రాడ్ తిరుగుతూ ఉండాలి, లేదంటే పూత కిందికి జారి ఒకవైపు ఉబ్బుతుంది. పాత మైక్రోవేవ్ పళ్లెం మోటారు దీనికి చక్కగా సరిపోతుంది. గాలిలో తేమ ఎక్కువగా ఉంటే పైన జిడ్డు పొర కడుతుంది. రెండో పూతకు ముందు సబ్బు నీళ్లతో కడిగి, ఆరాక కాస్త గీరాలి.

పరీక్షకు కొన నుంచి అర లీటరు నీళ్ల సీసా, తర్వాత లీటరు సీసా వేలాడదీశాం. శబ్దం లేదు. అతుకు దగ్గర బెత్తెడు మేర వంపు తగ్గినట్టు కనిపిస్తుంది, అది పోదు. 6 కిలోల గేలం దారానికి రీల్ డ్రాగ్ (ఎంత లాగితే దారం వదలాలో తేల్చే బిగింపు) 1.5 కిలోల దగ్గర పెట్టి వాడాలి. గైడ్ రింగుల్లో దూది ఇయర్‌బడ్ తిప్పి చూస్తే మూడో గైడ్ రింగు దగ్గర దూది చిక్కుకుంది. అక్కడ వెంట్రుకంత పగులు ఉన్నట్టే, గేలం దారాన్ని కోసేస్తుంది. తర్వాత మార్చాల్సింది అదే.