ఆషాఢంలో ఒక శనివారం: పాత కారు ఎవరికి చూపించాలి?

శనివారం. పొద్దున ఒక జల్లు పడి ఆగింది. ఆషాఢం కాబట్టి కార్ల బేరాలు మందకొడిగా ఉన్నాయి. బండి ఇంటికి తెచ్చుకోవడం ఎలాగూ శ్రావణంలోనే. సెకండ్ హ్యాండ్ కారు వెతుక్కోవడానికి మాత్రం ఇదే మంచి అదను. శ్రావణ శుక్రవారాలు దగ్గర పడితే అందరికీ తొందరే, అమ్మేవాళ్లకీ, మధ్యవర్తులకీ, చెక్ చేసే కుర్రాళ్లకీ. ఇప్పుడైతే కారుని గంటసేపు లిఫ్ట్ మీద ఉంచమన్నా షెడ్డువాళ్లు కాదనరు. పైగా వాన వెలిసిన వెంటనే చూస్తే కొన్ని లోపాలు వాటంతటవే బయటపడతాయి. స్టెప్నీ ఎత్తితే అడుగున నీళ్లు కనిపిస్తాయి, హెడ్‌లైట్ లోపల ఆవిరి పట్టి ఉంటుంది, ముందు సీట్ల దగ్గర కాళ్ల మ్యాట్ కింద కార్పెట్ చెమ్మగా తగులుతుంది.

ఇవాళ అటు గుంటూరు నుంచి, ఇటు బెజవాడ నుంచి అడిగినవాళ్లందరిదీ ఒకటే మాట: "కొనేముందు చెక్ చేయించాలండీ, ఏ సర్వీసు మంచిది?" పేరు కంటే ముందు తేలాల్సింది ఒకటుంది. ఆ చెక్ చేసే మనిషికి డబ్బులు ఎవరిస్తున్నారు? మీరు కొన్నా కొనకపోయినా ఆయనకి అదే ఫీజు ముడుతుందా, లేక బేరం కుదిరితేనే ఆయనకి ఏదైనా మిగులుతుందా? ఇది తేలకుండా మిగతావన్నీ అడిగి లాభం లేదు.

ఈ చుట్టుపక్కల దొరికే దారులు నాలుగు. పాత కార్లు అమ్మే పెద్ద సంస్థలు తమ కార్లకి తామే రిపోర్టు ఇస్తాయి. అందులో ఉన్నది అబద్ధం కానక్కర్లేదు, కానీ అది అమ్మేవాళ్ల కాగితం. వారంటీలో ఏం వస్తుంది, ఏం రాదు అన్నది చదువుకోవడానికి పనికొస్తుంది, మీ తరఫున చూసిన చూపు మాత్రం కాదు. రెండోది కంపెనీ సర్వీస్ సెంటర్. ఆ మోడల్ మీద చేయి తిరిగినవాళ్లు, కంపెనీ స్కానర్ (కారు కంప్యూటర్లో నమోదైన లోపాల కోడ్లు చదివే పరికరం), లిఫ్ట్, పాత సర్వీస్ రికార్డు అన్నీ ఒకే చోట ఉంటాయి. అయితే వాళ్ల కన్ను ఏ పార్టు మార్చాలన్న దాని మీద ఉంటుంది. ఎక్కడ గుద్దుకుంది, ఎక్కడ పెయింట్ తిరిగి కొట్టారు, నీళ్లలో మునిగిందా అన్నవి అడిగితే తప్ప చూడరు. మూడోది ఫోన్లో బుక్ చేస్తే కారు ఉన్న చోటికే వచ్చే ఇన్‌స్పెక్షన్ సర్వీసులు. స్కానర్, పెయింట్ మందం కొలిచే మీటర్ తెస్తారు, ఫోటోలతో రిపోర్టు పంపుతారు. వీళ్ల దగ్గర లిఫ్ట్ ఉండదు. నాలుగోది మన ఆటోనగర్ మేస్త్రీ. ఇంజన్ చప్పుడు విని సగం రోగం చెప్పగల మనుషులు అక్కడున్నారు. కాగితం మీద ఏమీ రాదు, ఆ కారు అమ్మే మధ్యవర్తి ఆయనకి రోజూ పని తెచ్చే మనిషే అయ్యుండొచ్చు. అందుకే మధ్యవర్తి చూపించిన మేస్త్రీ దగ్గరికి వెళ్లకూడదు. మీరు వెతుక్కున్న మేస్త్రీ దగ్గరికి ఆ కారే రావాలి.

ఒక్కదానికే డబ్బు పెట్టగలిగితే నేను చెప్పేది ఇది: పైన చెప్పిన మూడో రకం, ఫోన్లో బుక్ చేసే సర్వీసు ఇన్‌స్పెక్టర్‌ని మాట్లాడుకుని, కారుని ఆటోనగర్‌లో లిఫ్ట్ ఉన్న షెడ్డుకి తెప్పించి అక్కడ చూపించండి. లిఫ్ట్‌కి విడిగా కొంచెం ఇచ్చుకోవాల్సి వస్తుంది, ఫర్వాలేదు. కింద నుంచి చూడని కారు సగమే చూసినట్టు. ఎనిమిదేళ్లు దాటిన డీజిల్ కారైతే మాత్రం ఇంజన్ మేస్త్రీ చెవి కూడా పడాల్సిందే.

ప్రకటనల్లో "రెండు వందల పాయింట్ల తనిఖీ" అంటారు. నాలుగు తలుపులు, నాలుగు అద్దాలు, నాలుగు హ్యాండిళ్లు, ఒక్కో లైటు, ఒక్కో స్విచ్చి విడివిడిగా లెక్కేస్తే ఆ అంకె తేలిగ్గానే వస్తుంది. పాయింట్ల లెక్క పక్కన పెట్టి, నంబరు కనపడకుండా చేసిన పాత రిపోర్టు ఒకటి పంపమని అడగండి. ఒక్కో టైరుకి గీత లోతు మిల్లీమీటర్లలో ఉందా? ఒక్కో రేకుకి పెయింట్ మందం మైక్రాన్లలో (మిల్లీమీటరులో వెయ్యో వంతు) రాశారా? బ్యాటరీ వోల్టేజి ఇంజన్ ఆపి ఒకసారి, ఆన్ చేసి ఒకసారి కొలిచారా? స్కానర్‌లో వచ్చిన కోడ్లు ఉన్నవి ఉన్నట్టు ముద్రించారా? కారు అడుగు ఫోటోలున్నాయా? అన్నిటి ఎదురుగా "బాగుంది, ఫర్వాలేదు" అని మాత్రమే ఉంటే ఆ సర్వీసు వద్దు. అంకెలు రాసినవాళ్లు కొలిచి రాస్తారు. "బాగుంది" అనడానికి కారు దగ్గరికి కూడా వెళ్లక్కర్లేదు.

ఎంతసేపు చూస్తారన్నదీ అడగాలి. రోడ్డు మీద నడిపి చూడటంతో కలిపి రెండు గంటలు పట్టని తనిఖీలో ఏదో ఒకటి వదిలేసి ఉంటారు. "స్కానర్ ఎయిర్‌బ్యాగ్, బ్రేకుల ఏబీఎస్ కూడా చదువుతుందా, ఇంజన్ ఒక్కటేనా?" అన్న ప్రశ్న తప్పకుండా వేయండి. చవక బ్లూటూత్ స్కానర్లు చాలావరకు ఇంజన్ కోడ్ల దగ్గరే ఆగిపోతాయి. ఇంకోటి, కోడ్లు లేవన్నంత మాత్రాన సంబరపడకూడదు. అమ్మే ముందు రోజు కోడ్లు చెరిపేస్తే తెర శుభ్రంగానే కనిపిస్తుంది. చెరిపాక ఎన్ని కిలోమీటర్లు తిరిగిందన్న లెక్క చాలా కార్లు ఇస్తాయి, ఇంజన్ స్వయంగా చేసుకునే పరీక్షలు పూర్తయ్యాయో లేదో కూడా చెప్తాయి. చెరిపి ఇరవై కిలోమీటర్లే అయితే, కారుని నాలుగు రోజులు తిప్పమని, మళ్లీ స్కాన్ చేయించుకున్నాకే మాట ఇవ్వాలి.

కంప్రెషన్ పరీక్ష, అంటే ఒక్కో సిలిండర్లో ఎంత ఒత్తిడి పుడుతోందో కొలవడం, దాని సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. పెట్రోలు కారుకి స్పార్క్ ప్లగ్గులు విప్పి గేజి పెడితే తేలిపోతుంది. సిలిండర్ల మధ్య తేడా పది శాతం లోపు ఉంటే నిశ్చింత. డీజిల్‌కి గ్లో ప్లగ్గో ఇంజెక్టరో విప్పాలి, పాత ఇంజన్లో గ్లో ప్లగ్ విరిగి హెడ్‌లోనే ఉండిపోయే ప్రమాదం ఉంది కాబట్టి అమ్మేవాళ్లు ఒప్పుకోరు, ఒప్పుకోకపోవడం న్యాయమే. అందుకు బదులు ఇంజన్ తిరుగుతుండగా ఆయిల్ మూత తీసి పొగ ఎంత జోరుగా తన్నుకొస్తోందో చూస్తారు. ఇంజన్ కంప్యూటర్ ఏ సిలిండర్‌కి ఎంత డీజిల్ ఎక్కువతక్కువలుగా ఇచ్చి సర్దుతోందో స్కానర్‌లో చదువుతారు. ఈ రెండూ చేయగలరా అని అడిగితే అవతలి మనిషి పనితనం ఫోన్లోనే తెలిసిపోతుంది.

విజయవాడలో కారు కొంటున్నవాళ్లు అన్నిటికంటే ఎక్కువ పట్టుబట్టాల్సింది నీళ్ల తనిఖీ మీద. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరీపేట వైపు కార్లు రోజుల తరబడి నీళ్లలో ఉండిపోయాయి. రిపేరు ఖర్చు బీమా పత్రంలో రాసిన విలువలో 75 శాతం దాటితే బీమా కంపెనీ మొత్తం నష్టంగా లెక్కకట్టి డబ్బు ఇచ్చేస్తుంది. అలా తేల్చిన కార్లు వేలంలో అమ్ముడుపోయి, రిపేరై తిరిగి రోడ్డెక్కవచ్చు. థర్డ్ పార్టీ బీమా మాత్రమే ఉన్నవాళ్లకి బీమా నుంచి రూపాయి రాలేదు, సొంత ఖర్చుతో కడిగించి, ఆరబెట్టి నడుపుకున్నారు. అందులో వాళ్ల తప్పేమీ లేదు. కొనేవాళ్లకి ఆ సంగతి తెలియకపోతేనే చిక్కు. 2019 నుంచి రాష్ట్రమంతటికీ ఒకే సిరీస్ ఏపీ 39తో మొదలైంది కాబట్టి ఆ తర్వాత రిజిస్టరైన కార్లకి నంబరు చూసి ఊరు చెప్పలేం. ఆర్సీలో చిరునామా చూడాలి, వరద నాటికి కారు ఎవరి దగ్గరుందో అడగాలి.

మునిగిన కారు పైకి మెరుస్తూ ఉండొచ్చు. సీటు బెల్టు చివరికంటా లాగండి, ఎప్పుడూ చుట్టలోనే ఉండిపోయే ఆఖరి మూరలో బురద చార కనిపిస్తుంది. సీటు కింద పట్టాలు, వాటి బోల్టులు, స్ప్రింగులు తుప్పు పట్టాయేమో టార్చి వేసి చూడాలి. కార్పెట్ అంచు ఎత్తించి కింద ఫోమ్ ముట్టుకోవాలి. తలుపు అడుగున నీళ్లు పోయే చిన్న రంధ్రాల్లో ఒండ్రు ఉందేమో పుల్లతో గీకాలి. అన్నిటికంటే ముఖ్యం, చాలా కార్లలో ఎయిర్‌బ్యాగ్ కంప్యూటర్ రెండు ముందు సీట్ల మధ్య నేల మీదే ఉంటుంది. అడుగు లోతు నీళ్లకే అది మునుగుతుంది. దాని ప్లగ్గులో పచ్చటి చిలుము కనిపిస్తే ఇక ఆ కారు గురించి ఆలోచించకండి. వైర్ల జాయింట్లలో చిలుము రాగిని మెల్లగా తింటూపోతుంది, అందుకే మునిగిన కారు మొదట్లో బాగానే నడిచి, నెలల తర్వాత ఒకరోజు పవర్ విండో, ఒకరోజు మీటరు, ఒకరోజు స్టార్టింగ్ అంటూ మొరాయిస్తుంది.

నీళ్లలో ఇంజన్ ఆన్ చేసి ఉంటే ఇంకో నష్టం ఉంది. గాలిని నొక్కితే కుదించుకుపోతుంది, నీరు కుదించుకుపోదు. సిలిండర్లోకి నీళ్లు పోతే పిస్టన్ పైకి వచ్చేటప్పుడు కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. కొద్దిగా వంగితే ఇంజన్ నడుస్తూనే ఉంటుంది, కానీ పిస్టన్ పూర్తి ఎత్తుకి రాదు కాబట్టి ఆ ఒక్క సిలిండర్లో కంప్రెషన్ తగ్గుతుంది. పెట్రోలు కారుకి కంప్రెషన్ గేజి పెట్టించమని నేను గట్టిగా అనేది ఇందుకే.

తనిఖీ టైము పొద్దున ఆరున్నర, ఏడుకి పెట్టించాలి. వెళ్లగానే బానెట్ మీద చేయి వేసి చూడండి, వెచ్చగా ఉంటే ముందే స్టార్ట్ చేశారన్నమాట, ఇంకో రోజు వస్తామని చెప్పండి. టైమింగ్ చెయిన్ సడలితే వచ్చే గలగల చల్లటి ఇంజన్లో మొదటి రెండు మూడు సెకన్లే వినిపిస్తుంది. వాల్వ్ సీళ్లు పోతే నీలం పొగ అప్పుడే కనిపిస్తుంది. మన ఎండల్లో గ్లో ప్లగ్గులు బలహీనపడ్డా డీజిల్ ఇంజన్ ఎలాగో అందుకుంటుంది, తెల్లవారుజామున మాత్రమే కొంచెం గింజుకుంటుంది.

నడిపి చూడటానికి ఇక్కడి రోడ్లు బాగా అనువైనవి. కనకదుర్గ ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు నాలుగో గేరులో యాక్సిలేటర్ నొక్కితే ఇంజన్ స్పీడు పెరిగి కారు స్పీడు పెరగకపోతే క్లచ్ ప్లేట్ అరిగింది. వారధి దాటి మంగళగిరి వైపు హైవే మీద ఎనభై దగ్గర స్టీరింగ్ వణికితే వీల్ బ్యాలెన్సింగో, వంగిన వీల్ రిమ్మో, అరిగిన బుష్షో. తిరిగొచ్చి వన్‌టౌన్ సందుల్లో గుంతల మీద మెల్లగా పోనిస్తే సస్పెన్షన్‌లో లోయర్ ఆర్మ్, లింక్ రాడ్ల టకటకలు వినిపిస్తాయి. బెంజ్ సర్కిల్ దగ్గర ట్రాఫిక్‌లో ఆగినప్పుడు ఏసీ చల్లదనం తగ్గి, కదలగానే పెరిగితే ముందు కండెన్సర్ ఫ్యాన్‌ని అనుమానించాలి. ఫ్యాన్ బాగుంటే అప్పుడు కంప్రెసర్, దాని ఖర్చు చాలా ఎక్కువ.

యాక్సిడెంట్ విషయంలో జనం అనవసరంగా భయపడేవి కొన్ని, అసలు పట్టించుకోనివి కొన్ని ఉన్నాయి. ఫ్యాక్టరీ పెయింట్ మామూలుగా 80 నుంచి 150 మైక్రాన్ల మధ్య ఉంటుంది. 200 దాటితే తిరిగి కొట్టినట్టు, 400, 500 పైన ఉంటే కింద పుట్టీ ఉన్నట్టు. బెజవాడ ట్రాఫిక్‌లో తిరిగిన కారుకి ఒక ఫెండరో ఒక డోరో పెయింట్ పడటం సహజం, దానికి బేరం వదులుకోనక్కర్లేదు. బంపర్లు ప్లాస్టిక్ కాబట్టి మామూలు మీటరు అక్కడ చదవదు. టాప్, దాన్ని మోసే పిల్లర్లు, బానెట్ కింద రెండు పక్కలా ఉండే ఏప్రాన్ రేకులు, ముందు ఛాసిస్ కాళ్లు, ఇవి ముఖ్యం. అక్కడ ఫ్యాక్టరీ స్పాట్ వెల్డింగు గుంటలు గుండ్రంగా, ఒకే ఎడంతో ఉంటాయి. అవి పోయి గ్యాస్ వెల్డింగు గీత కనిపిస్తే ఆ కారు వద్దు. ఇగ్నిషన్ ఆన్ చేయగానే ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగి కొన్ని సెకన్లకి ఆరిపోవాలి. అసలు వెలగకపోతే లైటే తీసేసి ఉండొచ్చు.

కాగితాలు సర్వీసువాళ్ల మీద వదలకండి, రవాణా శాఖ వెబ్‌సైటు పరివాహన్‌లో మీరే చూసుకోవచ్చు. ఆర్సీలో ఇంకా ఫైనాన్సు కనిపిస్తే అది తీర్పించి, బ్యాంకు ఎన్ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం)తో పాటు ఆ ఫైనాన్సు తీసేయడానికి ఫారం 35 తీసుకోవాలి. హైదరాబాదు నుంచి వచ్చిన కారైతే ఫారం 28 ఎన్ఓసీ, ఇక్కడ మళ్లీ లైఫ్ టాక్సు, ఆ మొత్తం ధరలో కలుపుకుని చూస్తే చవకనిపించింది చవక కాకపోవచ్చు. సీఎన్‌జీ కిట్ ఉంటే ఆర్సీలో ఎక్కి ఉండాలి, సిలిండర్‌కి మూడేళ్లకోసారి చేసే పరీక్ష తేదీ దాటి ఉండకూడదు. బీమా పత్రంలో నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయని ఏళ్లకి ఇచ్చే తగ్గింపు) గడి చూడండి. ఒకే యజమాని చేతిలో ఐదారేళ్లున్న కారుకి అక్కడ సున్నా ఉంటే ఈమధ్య క్లెయిమ్ జరిగి ఉండొచ్చు. ఏం క్లెయిమో అడగడానికి మీకు హక్కుంది.

ఫీజు నేరుగా ఇన్‌స్పెక్టర్‌కే ఇవ్వండి, అమ్మేవాళ్ల చేతుల మీదుగా పోనివ్వకండి. తనిఖీ కాకముందు అడ్వాన్సు ఇవ్వక తప్పకపోతే, పెద్ద లోపం బయటపడితే అడ్వాన్సు వాపసు అని వాట్సాప్‌లోనైనా రాయించుకోండి. లిఫ్ట్ మీదికి ఎక్కించనివ్వం, చల్లగా స్టార్ట్ చేయనివ్వం అంటే ఇంకో కారు చూసుకోవడమే. రిపోర్టులో టైర్ల తయారీ అంకెలు (2319 అంటే 2019లో 23వ వారం), బ్యాటరీ సీరియల్ నంబరు, మీటరు రీడింగు తప్పనిసరిగా రాయించండి. శ్రావణంలో కారు తెచ్చుకునే రోజు మిగతా డబ్బు ఇచ్చే ముందు ఆ కాగితం పట్టుకుని కారు చుట్టూ ఒకసారి తిరగండి. ఈలోపు కొత్త టైర్లు పోయి పాతవి వచ్చాయా, బ్యాటరీ మారిందా, స్టెప్నీ, జాకీ ఉన్నాయా అన్నది అంకెలు సరిపోల్చుకుంటే అక్కడే తెలుస్తుంది.