36 నిమిషాల స్ట్రోక్స్

ఆదివారం

మధ్యాహ్నం నుంచి ద స్ట్రోక్స్ అనే రాక్ బ్యాండ్ తొలి ఆల్బమ్ ‘ఈజ్ దిస్ ఇట్’ మోగుతూనే ఉంది. 2001 నాటి న్యూయార్క్ రికార్డు. 11 పాటలు, మొత్తం కలిపి 36 నిమిషాలు. ఇన్నాళ్లకు నా చెవిన పడ్డందుకు ఎంత సంతోషమో!

ఇందులో హుషారంతా తక్కువ సరంజామాతోనే పుట్టింది. న్యూయార్క్‌లోని ఈస్ట్ విలేజ్‌లో ఒక బేస్‌మెంట్ స్టూడియో, ప్రొడ్యూసర్ గోర్డన్ రఫాయెల్. బ్యాండ్ అంతా కలిసి వాయిస్తుంటే రికార్డు చేశారు. డ్రమ్స్‌కి మూడే మైకులు. మామూలుగా ఒక్కో డ్రమ్ముకీ విడిగా ఒకటి, సింబల్స్‌కి పైనుంచి రెండు పెడతారు. మూడింటితో తీస్తే కిక్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్ము), స్నేర్ (పుల్లలతో కొట్టే చిన్న డ్రమ్ము), సింబల్స్ కలిసిపోయి వస్తాయి, తర్వాత విడదీసి సర్దుకోవడం కష్టం. అంచేత డ్రమ్మర్ ఫాబ్రిజియో మొరెట్టి దేన్ని ఎంత గట్టిగా కొట్టాలో వాయించేటప్పుడే తేల్చుకోవాలి. ఆ బిగువు ప్రతి పాటలోనూ వినిపిస్తుంది.

గాయకుడు జూలియన్ కాసాబ్లాంకాస్ గొంతును పీవీ కంపెనీ చిన్న ప్రాక్టీస్ ఆంప్ (సాధనకి వాడే గిటార్ స్పీకర్) గుండా పంపారు. పాత ల్యాండ్‌లైన్‌లో మాట్లాడినట్టు గరగరగా ఉంటుంది. సినిమా పాటల్లో గొంతు అన్నిటికన్నా పైన ఉంటుంది కాబట్టి, ఆ అలవాటుతో వింటే ఫైలే బాగాలేదనిపించొచ్చు. అలాగని ట్రెబుల్ పెంచితే గొంతు తేటపడదు సరికదా, సింబల్స్ చెవుల్లో గుచ్చుకుంటాయి. ఈక్వలైజర్ ఆపేయడమే మంచిది. బాస్ బూస్ట్ కూడా తీసేయాలి, లేకపోతే టైటిల్ పాటలో నికొలాయ్ ఫ్రేట్యూర్ బాస్ గిటార్ మీద ఎక్కుతూ దిగుతూ వాయించే వరస బొంయ్‌మని ఒకటే మోతైపోతుంది. ఆ పాటకి ప్రాణం ఆ వరసే.

బ్లూటూత్ స్పీకర్ ఒక్కటే పెట్టి వింటే నిక్ వాలెన్సీ, ఆల్బర్ట్ హామండ్ జూనియర్‌ల గిటార్లు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. ఇయర్‌ఫోన్లతో ‘లాస్ట్ నైట్’ పెట్టి, ఒకసారి కుడిది, ఒకసారి ఎడమది తీసి చూడాలి. మొదట్లో ఒకే స్వరాన్ని గబగబా మీటే గిటార్ ఒకటి, దాని పక్కన ఇంకొకటి, ఎవరి పని వాళ్లదే.

‘హార్డ్ టు ఎక్స్‌ప్లెయిన్’లో డ్రమ్స్ మెషీన్‌వి అనిపిస్తాయి కానీ మనిషి వాయించినవే, కంప్రెషన్‌తో (చిన్న, పెద్ద శబ్దాల మధ్య తేడాను తగ్గించే పద్ధతి) అలా బిగించారు. పాట మధ్యలో ఉన్నట్టుండి అంతా ఆగిపోతుంది. నెట్ పోయిందని ఫోన్ ముట్టుకోవద్దు, క్షణంలో మళ్లీ అందుకుంటుంది. నాకైతే ఆల్బమ్ మొత్తానికి అదే గొప్ప చోటు.

తొమ్మిదో పాట దగ్గర మాత్రం ఏ ప్రతి వింటున్నామో చూసుకోవాలి. అక్కడ ‘న్యూయార్క్ సిటీ కాప్స్’ ఉండాలి. పల్లవిలో పోలీసుల మీద విసురు ఉండటంతో, సెప్టెంబర్ 11 దాడుల తర్వాత అమెరికా సీడీలో దాన్ని తీసేసి ‘వెన్ ఇట్ స్టార్టెడ్’ చేర్చారు. అదీ మంచి పాటే, కానీ ఆ స్థానంలో కావలసిన దూకుడు దానికి లేదు. మీ ప్రతిలో అదే ఉంటే, తీసేసిన పాటను విడిగా వెతికి ఎనిమిదో పాట తర్వాత పెట్టుకుని వినండి.