లకుముకి పిట్ట తలకి రంగు అక్కర్లేదు

కాల్చిన బొమ్మకి రంగు వేస్తున్నానంటే, చెక్క మీద వేడి పెన్ను మొనతో కాల్చి బొమ్మలు గీసేవాళ్లలో కొందరు మొహం చిట్లిస్తారు. ఒక్క గోధుమలోనే ఇన్ని ఛాయలు పలుకుతుంటే మళ్లీ రంగు పెన్సిళ్లెందుకని వాళ్ల వాదన. అందులో సగం నాకూ నచ్చుతుంది, నా పద్ధతి ఆ సగం మీదే నడుస్తోంది. నీడలన్నీ వేడి మొనతోనే తేల్చేస్తాను. పెన్సిల్ వంతు పైన పలచటి పూత, అంతే.

ప్రస్తుతం బల్ల మీదున్నది లకుముకి పిట్ట, తెల్ల గొంతుది. ఈ పనికి ఇంతకంటే కలిసొచ్చే పిట్ట లేదేమో! తల, పొట్ట ఎలాగూ ముదురు గోధుమే, అక్కడ పెన్సిల్ ముట్టనే ముట్టను. వేడి తగ్గించుకుని, నీడలకి వాడే షేడింగ్ టిప్‌తో రెండు మూడు దఫాలు నెమ్మదిగా పోతే చాలు. గొంతూ రొమ్మూ తెలుపు. అక్కడ ఉత్త చెక్కని వదిలేస్తాను. చుట్టూ గోధుమ ఉంటే లేత చెక్కే తెల్లగా కనబడుతుంది. ఇక రంగు నిజంగా కావాల్సింది నీలం రెక్కలకీ వీపుకీ, ఎర్రటి ముక్కుకీ కాళ్లకీ.

నీలంతోనే అసలు తంటా. ఈ పెన్సిళ్ల పూత పూర్తిగా కప్పేసే రకం కాదు, కిందున్నది కనిపిస్తూనే ఉంటుంది. చెక్కలో ఉన్న పసుపుదనం పైన నీలం పడితే ఆకుపచ్చ వైపు లాగేస్తుంది. అందుకని ఆకాశ నీలంతోనో ఆకుపచ్చ కలిసిన టర్కాయిస్‌తోనో మొదలుపెట్టను. ముందు ఊదా వైపు మొగ్గే నీలం, అల్ట్రామెరైన్‌ని పలచగా పరుస్తాను, దాని మీద మిగతావి. కొందరు కింద తెల్ల పెన్సిల్ రుద్దుతారు. నాకది నచ్చదు. చెక్క గరుకంతా తెలుపుతోనే నిండిపోయి తర్వాతి పొరలు జారిపోతాయి, పైగా కాల్చిన సన్న గీతలు మసకబారతాయి.

కాల్చిన నీడ మీద నీలం పడితే ఏమవుతుందో చూడ్డమంటే నాకు మహా ఇష్టం. గోధుమ అంటే ముదిరిన నారింజే కదా, నీలానికి ఎదురు రంగు. రెండూ కలిసి పలక రంగులోకి దిగుతాయి, రెక్క కింద నీడ దానంతటదే వచ్చేస్తుంది. ముక్కు సంగతి వేరు. కింద అంచున కాస్త కాల్చి పైన ఎరుపు వేస్తే చిక్కటి ఇటుక రంగు తేలుతుంది. పసుపు మాత్రం కాలిన చోట నిలవదు, వేసినా వెయ్యనట్టే. పసుపు కావాల్సిన చోటు గీత కూడా సన్నగానే కాల్చాలి.

నేను వాడేవి ఫేబర్ కాస్టెల్ పాలిక్రోమోస్ లాంటి నూనె ఆధారిత రంగు పెన్సిళ్లు. ప్రిస్మాకలర్ ప్రీమియర్ మైనం రకం, మెత్తగా బాగానే పరుచుకుంటుంది. కానీ మందంగా వేస్తే కొన్నాళ్లకి పైన తెల్లటి పొగమంచులా మైనం తేలుతుంది. నూనె పెన్సిల్ కాస్త గట్టిది, చెక్కుకున్న మొన ఎక్కువసేపు నిలుస్తుంది. ఈకల సందుల్లోకి వెళ్లాలంటే అదే కావాలి.

చెక్క విషయంలో నాకు లేత రంగుతో, చారలు పెద్దగా కనబడని బాస్‌వుడ్ తర్వాతే ఏదైనా. పైన్‌లో మెత్తటి చారలు రంగుని తాగేస్తాయి, గట్టి చారలు పట్టవు, పిట్టకి లేని చారలొస్తాయి. 220 నంబరు ఉప్పు కాగితంతో రుద్ది, తడిగుడ్డతో తుడిచి, లేచిన నార ఆరాక ఇంకా సన్నటి 320తో ఒకసారి లాగి ఆపేస్తాను. అద్దంలా నునుపు చేస్తే పెన్సిల్‌కి పట్టు దొరకదు. కాల్చడం పూర్తయ్యాక మసి పొడిని మెత్తటి బ్రష్‌తో దులపకుండా పెన్సిల్ పట్టుకోకండి, లేత రంగులన్నీ మురికవుతాయి. రంగు వేశాక మళ్లీ కాల్చడం ఒద్దే ఒద్దు. మైనం, నూనె, రంగు పొడి వేడికి కరిగి పొగలొస్తాయి, ఆ పొగ పీల్చకూడదు. గీత ఇంకా ముదరాలనిపిస్తే ముదురు గోధుమ సెపియా పెన్సిల్ ఉంది కదా.

రంగులు కలపడానికి వాసన లేని, పెయింట్ పలచన చేసే మినరల్ స్పిరిట్స్‌లో కాగితం చుట్టి చేసిన పుల్ల కొస ముంచి, గుడ్డకి అద్ది, అప్పుడు రుద్దుతాను, కిటికీ తెరిచి. తడి ఎక్కువైతే నీలం నార వెంట పాకి తెల్ల గొంతులోకి చేరుతుంది.

ఇక వార్నిష్. నూనె రకం పాలీయురేథేన్‌కి పసుపు ఛాయ ఉంటుంది, ఏళ్లు గడిచేకొద్దీ ఇంకా ముదురుతుంది. ఇంత కష్టపడి కాపాడిన నీలం మళ్లీ ఆకుపచ్చ వైపు పోతుంది. కాబట్టి నీటి రకమే. అది కూడా మొదట స్ప్రేతో, రెండు పలచటి పూతలు. నేరుగా బ్రష్ లాగితే రంగు చెదరొచ్చు. మీరు వాడబోయేది ఏదైనా, అదే చెక్క ముక్క మీద అవే పెన్సిళ్లతో ముందు పరీక్షించండి.

పెన్సిల్ ఒంటి మీద నక్షత్రాలుంటే చూసి కొనండి. పాలిక్రోమోస్‌లో మూడు నక్షత్రాలంటే వెలుతురుకి బాగా నిలిచే రంగని గుర్తు. చాలా కంపెనీల డబ్బాల్లో గులాబీలు, ఊదాలే ముందు వెలిసిపోతుంటాయి. ఎండ నేరుగా పడితే కాల్చిన గీత కూడా పలచబడుతుంది, కాబట్టి నక్షత్రాలెన్నున్నా కిటికీకి ఎదురు గోడ మీద నేనైతే తగిలించను.