బట్ట టాప్ మీద సన్నటి దుమ్ము

నాది కన్వర్టిబుల్ కారు, అంటే బట్టతో చేసిన పైకప్పుని (టాప్‌ని) వెనక్కి మడిచేయొచ్చు. దాని మీది దుమ్ము తట్టినకొద్దీ లేస్తోంది, లేచిందల్లా మళ్లీ అక్కడే వాలుతోంది. నల్ల బట్ట కదా, పొద్దుటి ఎండ ఏటవాలుగా పడేసరికి నేత సందుల్లో ఇరుక్కున్న బూడిదరంగు పొడి అంతా బయటపడింది.

ఇలాంటప్పుడు పైపు పట్టి నీళ్లు కొట్టేయాలనిపిస్తుంది. కొట్టకూడదు. పిండిలాంటి ఆ దుమ్ము తడిస్తే బురదై నూలు లోపలికి దిగిపోతుంది. పొడిగా ఉన్నప్పుడే వ్యాక్యూమ్‌కి మెత్తటి బ్రష్ తగిలించి, నేత ఎటు పోతే అటే, నెమ్మదిగా లాగాలి. కుట్ల దగ్గర మాత్రం బట్టను వేళ్లతో కాస్త విడదీసి పట్టుకోవాలి. ఈ రోజు వెనక కిటికీ పైన ఉన్న ఒక్క కుట్టులోంచే ఎంత వచ్చిందో!

అన్నట్టు, ఆ కిటికీ ప్లాస్టిక్‌దైతే పొడిగుడ్డ అస్సలు పెట్టొద్దు, గీతలు పడతాయి. నీళ్లతో దుమ్ము పోయాకే తుడవాలి.

ఇవాళ షాంపూ అవసరం రాలేదు. తడిపిన రోజున మాత్రం పూర్తిగా ఆరేదాకా టాప్ మడవను. తేమ మీద మడిస్తే బూజు పడుతుంది, ఆ మచ్చలు ఓ పట్టాన వదలవు.

టాప్ తీసి తిరగడం ఎంత ఇష్టమో, నాకు ఈ పనీ అంతే ఇష్టం. చివర్లో మిగిలిన నూగుకి లింట్ రోలర్ (జిగురు కాగితం చుట్టిన రోలర్) వాడాను, బాగా తీసింది. మీరేం వాడతారు?