వేళ్లను అడిగితే ఏం తెలుస్తుంది

“నీ వేళ్లు ముప్పై డిగ్రీల పైన ఉన్నాయి. బయట ఆ బండి ఇంజను మైనస్ ముప్పైలో ఉంది. వేళ్లను అడిగితే ఏం తెలుస్తుంది?” అన్నాడు మా గ్యారేజీ ఫోర్‌మన్, నలుగురూ వింటుండగా. నేను చేసిందల్లా 0డబ్ల్యూ-30 ఇంజను ఆయిల్ డబ్బా మూత తీసి, ఒక చుక్కను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రాసి, “నీళ్లలా ఉందే” అనడం. లారీ ఇంజన్ల కింద పడుకుని పని నేర్చుకున్న చెయ్యి నాది. కొత్త ఆయిల్ కనబడితే రాసి చూడకుండా ఉండలేదు.

అంతటితో ఊరుకుంటే నేనూ నవ్వేసేవాణ్ని. “మీ వేడి దేశాల అలవాట్లు ఈ ప్రెయిరీల్లో పనికిరావు” అని ఇంకో మాట తగిలించాడు. కెనడాలోని ఈ చలి మైదానాలకు వచ్చాక చాలా మాటలు విన్నాను గానీ, ఇది మాత్రం ముల్లులా దిగింది. నలభై అయిదు డిగ్రీల ఎండలో నిండు లోడుతో ఘాట్ రోడ్డు ఎక్కాల్సిన డీజిలు బండికి 15డబ్ల్యూ-40, అరిగిన పాత ఇంజనైతే 20డబ్ల్యూ-50 పోసిన మేస్త్రీ అలవాటు కొద్దీ పోశాడా? అక్కడ చలి ప్రశ్నే లేదు. వేడెక్కిన బేరింగుల మధ్య ఆయిల్ పొర తెగకుండా నిలవాలి, అంతే. ఆ ఎండకు అదే సరైన లెక్క.

ఇక్కడి లెక్క వేరు, ఒప్పుకుంటాను. డబ్బా మీద ఉండేవి రెండు వేర్వేరు హామీలు. డబ్ల్యూ ముందున్న అంకె చలిలో ఆయిల్ ఎలా ఉంటుందో చెబుతుంది, తర్వాతది ఇంజను పూర్తిగా వేడెక్కాక ఎలా ఉంటుందో చెబుతుంది. వాహన ఇంజనీర్ల సంఘమైన ఎస్‌ఏఈ వాళ్ల జె300 ప్రమాణం ప్రకారం 0డబ్ల్యూ అనిపించుకోవాలంటే మైనస్ 35 డిగ్రీల్లో చిక్కదనం 6,200 సెంటీపాయిజ్ దాటకూడదు, స్టార్టరు ఇంజనును తిప్పగలగాలి. మైనస్ 40లో 60,000 దాటకూడదు, పంపు ఆయిల్‌ను లాగగలగాలి. 5డబ్ల్యూకు ఈ రెండు పరీక్షలూ మైనస్ 30, మైనస్ 35 దగ్గర జరుగుతాయి. మన 15డబ్ల్యూకు మైనస్ 20, మైనస్ 25 దగ్గరే. జనవరిలో ఇక్కడ రాత్రంతా ఆరుబయట నిలబెట్టిన బండిలో 15డబ్ల్యూ పోయమని నేనూ చెప్పను.

పంపు పరీక్షను స్టార్టరు పరీక్ష కంటే అయిదు డిగ్రీలు చల్లగా పెట్టడం నాకు బాగా నచ్చిన సంగతి. ఇంజను తిరగకపోతే నష్టమేమీ లేదు, ఆ పూట బస్సెక్కి పనికి వెళ్తాం. ఇంజను తిరిగి, ఆయిల్ మాత్రం పైకి ఎక్కకపోతే నిమిషాల్లో బేరింగులు పోతాయి. 1980-81 చలికాలంలో అమెరికాలోని సౌత్ డకోటా రాష్ట్రం, సూఫాల్స్‌లో జరిగింది అదే. అప్పటి పరీక్షలు నెగ్గిన ఆయిలే, కానీ అక్కడి వాతావరణంలో నెమ్మదిగా చల్లబడేసరికి లోపలి మైనం అల్లుకుని గడ్డకట్టింది. గడ్డపెరుగులో గరిటె పెట్టి తీస్తే గుంట గుంటలాగే మిగులుతుంది కదా, అలా పంపు కాస్త ఆయిల్ లాగాక పక్కనున్నది వచ్చి ఆ ఖాళీలో చేరలేదు, పంపు గాలి పీల్చింది. ఆ తర్వాతే ఆయిల్‌ను చాలా గంటలపాటు మెల్లమెల్లగా చల్లబరిచి చూసే పరీక్ష వచ్చింది. గబగబా చల్లబరిస్తే ఈ గుణం బయటపడదు.

మొన్న కొత్తగా వచ్చిన కుర్రాడొకడు ఫోను చేశాడు. రాత్రిళ్లు డెలివరీ చేస్తుంటాడు. “అన్నా, రేపు మైనస్ నలభై అయిదట, 0డబ్ల్యూ కూడా చాలదేమో!” అని కంగారు. “అది గాలి లెక్క కలిపి చెప్పే అంకె తమ్ముడూ, మన చర్మం కోసం. థర్మామీటరు చూడు” అన్నాను. అసలు ఉష్ణోగ్రత మైనస్ ఇరవై తొమ్మిదే. గాలి ఇంజనును త్వరగా చల్లార్చగలదే కానీ, చుట్టూ ఉన్న ఉష్ణోగ్రత కంటే కిందికి దించలేదు. ఇంజనును కరెంటుతో వెచ్చబరిచే బ్లాక్ హీటరు ప్లగ్గు పెట్టావా అంటే, బంపరు దగ్గర వేలాడే ఆ వైరు ఎందుకో ఇంతవరకూ తెలియదన్నాడు. ఇక్కడ చాలాచోట్ల పార్కింగులోనే కరెంటు పాయింట్లు ఉంటాయి. బయల్దేరే ముందు కొన్ని గంటలు కూలెంటును వెచ్చబరిస్తే ఇంజనుకూ సుఖం, బ్యాటరీకీ సుఖం. ఈ ఏర్పాటును మాత్రం మనసారా మెచ్చుకుంటాను.

మళ్లీ వేళ్ల సంగతికి వస్తాను, వదలబుద్ధి కావడం లేదు. వేళ్ల వేడి దగ్గర ఆ రెండు అంకెలూ మాట్లాడవు, నిజమే. మైనస్ ముప్పైలో ఏ ఆయిల్ పారుతుందో చెయ్యి చెప్పలేదు. కానీ చెయ్యి చెప్పేవి వేరే ఉన్నాయి. చలికాలంలో పొట్టి పొట్టి ప్రయాణాలు చేసే బళ్లలో ఇంజను పూర్తిగా వేడెక్కదు. కాలని పెట్రోలు ఆయిల్‌లోకి జారి అక్కడే ఉండిపోతుంది. ఆ మధ్య ఒక వ్యాను వస్తే డిప్‌స్టిక్ మీద మట్టం గీత దాటి పైకి వచ్చి ఉంది. రుద్ది చూస్తే జిగురు లేదు, వాసన చూస్తే పెట్రోలు. 0డబ్ల్యూ పోసినా, ఏం పోసినా, అలా పలచబడ్డాక లోహాన్ని కాపాడలేదు. ఆయిల్ వెంటనే మార్చాలని కాగితం మీద రాశాను. ఫోర్‌మన్ మారుమాట లేకుండా సంతకం పెట్టాడు. ఆ వేడి దేశపు చేతి గురించి అప్పుడేమీ అనలేదు.

పలచని ఆయిల్ అంటే బలహీనమని భయపడేవాళ్లకు ఒక మాట. 0డబ్ల్యూ-30, 10డబ్ల్యూ-30 రెండింటి చిక్కదనమూ నూరు డిగ్రీల్లో ఒకే హద్దులో ఉండాలి, 9.3 నుంచి 12.5 సెంటీస్టోక్సు (ఇది చిక్కదనానికి ఇంకో కొలమానం). కాబట్టి మొదటి అంకె తగ్గించుకుంటే వేసవిలో ఇంజను అరిగిపోతుందనుకోనక్కర్లేదు. మాన్యువల్ ఒప్పుకున్నంతవరకూ చలికి దాన్ని ఎంత తగ్గిస్తే అంత మేలు.

నాకూ ఫోర్‌మన్‌కూ తెగని వాదన ఇప్పుడు రెండో అంకె మీద. మాన్యువల్లో 20, 30 రెండూ ఉన్న వాహనానికి ఆయన ఏడాది పొడవునా 20 పోయమంటాడు, ఇంధనం కలిసివస్తుందని. ఇక్కడ జూలైలోనూ ముప్పై దాటే రోజులున్నాయి. నిండు సామానుతో, ట్రైలరు తగిలించుకుని హైవే మీద గంటల తరబడి లాగే వ్యానుకు 30 పోస్తే తప్పేమిటి? నూట యాభై డిగ్రీల వేడిలో గట్టిగా నలిగినప్పుడు 20 కనీసం 2.6 సెంటీపాయిజ్ చిక్కదనం నిలబెడితే చాలు, 30 మాత్రం 2.9 నిలబెట్టాలి. ఆ కాస్త తేడా బేరింగుకు తెలుస్తుంది. ఇంధనం లెక్క చూపించమంటే ఇంతవరకూ చూపించలేదు. వేసవి సర్వీసుకు వచ్చే ట్రైలరు వ్యాన్లు గ్యారేజీలో నేను పనిచేసే బేలోకి వస్తే 0డబ్ల్యూ-30 డబ్బాలే తెరుస్తున్నాను, జాబు కార్డు మీద అదే రాస్తున్నాను.