అద్దాల అంగడి, టైలర్ టేపు

పదకొండు దాటింది, నిద్ర రావడం లేదు. అంతా ఆ అద్దాల అంగడి వల్లే.

చిన్నోడికి సైట్ వచ్చిందని రాశాను కదా. సాయంత్రం ఏడు రోడ్ల దగ్గరికి తీసుకెళ్లాను. ఫ్రేమ్ పెట్టగానే కుడివైపు చెంప మీదికి జారింది. పుట్టుకతోనే వాడికి కుడి చెవి సరిగా ఏర్పడలేదు, తగిలించుకోడానికి అక్కడ చెనక్కాయంత కండ తప్ప ఏముంది? మాస్కుల కాలంలోనూ ఇదే అవస్థ. అంగడాయన మంచివాడే, వెనక ఎలాస్టిక్ తాడు కట్టిస్తానన్నాడు. పక్కన కూర్చున్న పెద్దమ్మ మాత్రం వాడి ముందే, "గ్రహణంలో బయట తిరిగినావా పాపా?" అనేసింది.

ఎనిమిదేళ్లుగా ఇదే ప్రశ్న. ఆ గ్రహణం రోజు అత్తమ్మ నన్ను మంచం మీద కదలనిచ్చిందా? పక్కకు తిరిగి పడుకుంటానన్నా ఒప్పుకోలేదు. అయినా చెవి రూపు కట్టడం ఆరో వారంలోనే మొదలవుతుందట. అప్పటికి నాకు నెల తప్పిందన్న సంగతే సరిగా తెలీదు. ఇదంతా ఆ పెద్దమ్మకు చెప్పాల్సింది. నవ్వి ఊరుకున్నాను. ఆ నవ్వే ఇప్పుడు గుచ్చుతోంది.

ఇంటికి రాగానే టైలర్ టేపు తీసి వాడి ఛాతీ కొలిచాను. 57. పదేళ్లు నిండాలి, ఛాతీ చుట్టుకొలత 60 సెంటీమీటర్లు రావాలి, అప్పుడే పక్కటెముకల దగ్గరి కార్టిలేజ్, అంటే మెత్తటి ఎముక, కొత్త చెవి చెక్కడానికి చాలుతుందని బెంగళూరు డాక్టరు చెప్పారు. ఆ రోజు ఆయన ఎక్స్‌రే ఫిల్ము ముక్కను వాడి ఎడమ చెవికి ఆనించి, పెన్నుతో మలుపు మలుపూ గీశారు. దాన్ని తిరగేసి కుడివైపు పెట్టి, "ఇదిగో, నీ కొత్త చెవి" అన్నారు. చెక్కిన చెవిని ముందు చర్మం కింద అమరుస్తారు, ఆరు నెలల తర్వాత ఇంకో ఆపరేషన్ చేసి తలనుంచి పైకి లేపుతారు. వినికిడి మాత్రం దీంతో రాదు, లోపల రంధ్రమే మూసుకుపోయి ఉంది. నేను కళ్లు తుడుచుకుంటుంటే వీడు అడిగాడు: "పక్కటెముక కదా, ఆ చెవి ఊపిరి తీసుకుంటాదా?"

60 రాగానే చేయించేయాలని సాయంత్రం గట్టిగా అనుకున్నాను. ఇప్పుడు అంత గట్టిగా లేదు. వాడేమో, తాడు ఉంటే క్రికెట్‌లో అద్దాలు పడవని సంబరంగా పడుకున్నాడు. ఆ పెద్దమ్మ నోరు మూయించడానికా నేను టేపు పట్టుకుని తిరుగుతున్నది? కాదులే, పెద్దయ్యాక వాడే అడిగితే ఏం చెప్పాలి? వాడినే అడగాలేమో. ఎనిమిదేళ్లవాణ్ణి ఏమని అడుగుతాం!

అత్తమ్మ రేపటినుంచి రోజుకు రెండు గుడ్లంటోంది. అద్దాలు బుధవారం వస్తాయి. తాడు నీలం రంగుదే కావాలట.

అన్నట్టు, ఆ 57 బనియన్ మీద కొలిచింది.